నూనె రాయని చువ్వ

“మారువేషం అక్కర్లేదు,” అన్నాడు పై అధికారి బార్రాగాన్, ఫైలు ఆమె వైపు తోస్తూ. “నువ్వు నువ్వుగానే వెళ్తావు.”

ఎవేలియా ఒర్రాంతియా ఫైలు తెరవలేదు. పదిహేడేళ్ల గూఢచారి సర్వీసులో ఆమె నర్సయింది, హోటల్లో పక్కబట్టలు మార్చే మనిషయింది, ఒకసారి దిండు కట్టుకుని ఎనిమిదో నెల గర్భిణి కూడా అయింది. ఈసారి వేషానికి విగ్గూ దిండూ ఎందుకు అక్కర్లేదో ఆమెకు తెలుసు. నాలుగేళ్ల కిందట సెప్టెంబరులో, ఐసు తెస్తానని వీధి చివరికి వెళ్లిన ఆమె కొడుకు ఫెర్మీన్ మళ్లీ ఇంటికి రాలేదు. పంతొమ్మిదేళ్లవాడు. అప్పటినుంచి ప్రతి శనివారం, పిల్లలు మాయమైన మిగతా తల్లులతో కలిసి, సరిహద్దు ఊరు హ్వారెస్ చుట్టూ ఉన్న ఎడారిలో ఇనుప చువ్వ పట్టుకుని వెతుకుతోంది. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ ఎత్తని సంగతి కూడా.

బార్రాగాన్ తలెత్తకుండా మిగతాది చెప్పాడు. వంతెన పక్కనున్న సభాభవనంలో రెండు దేశాల వాళ్లూ మూడు రోజులు చర్చించుకుంటారు. విషయం ఒక్కటే: సరిహద్దుకు అటూ ఇటూ ఈ మత్తుమందు ముఠాల నెత్తుటిని ఎలా ఆపాలి. ఆఖరి రోజు తల్లుల బృందం సాక్ష్యం, తర్వాత ఒక ఒప్పందం మీద సంతకాలు. సరిహద్దు నదికి ఉత్తరాన అమ్ముడయ్యే ప్రతి తుపాకీ ఎవరి చేతికి వెళ్లిందో నమోదు కావాలని ఆ ఒప్పందం. అది గిట్టనివాళ్లు నదికి అవతల ఒక గుంపు ఉన్నారు. డిపార్ట్‌మెంటు వాళ్లకు పెట్టుకున్న పేరు ‘కొలిమి’. ఇక్కడి ముఠాలకు ఆయుధాలు పంపేది వాళ్లే.

“వేదిక మీద రక్తం పడితే చాలు,” అన్నాడు బార్రాగాన్. “ముఠాలే చేశాయని పొద్దున్నే పేపర్లు రాస్తాయి. ఇంక సంతకాల మాట ఎవడూ ఎత్తడు. సైన్యాన్ని పంపండి, విమానాలు పంపండి అంటారు. సైన్యానికీ తుపాకులు కావాలిగా.”

“తల్లుల బృందంలో నేనెందుకు సార్?”

“కొలిమిలో ‘కమ్మరి’ అని ఒకడున్నాడు. ఆయుధాలు తయారుచేసేవాడు. వాడు మీ బృందం ఫొటోలు తెప్పించుకున్నాడు. మొహాలు కాదు. చువ్వలు.”

తర్వాత సంకేతం చెప్పాడు. ఇంటిదొంగ ఎవరో ఉన్నారు కాబట్టి అది ముగ్గురికే తెలియాలి: ఆయనకు, ఎవేలియాకు, సౌండ్ టెక్నీషియన్ వేషంలో ఉండే రెమీహియోకు. గాలిదుమారం అంటే బాంబు. అది ఏ దిక్కు నుంచి వచ్చిందంటే, మీట నొక్కే మనిషి ఆ దిక్కున ఉన్నట్టు.

లేవబోతుంటే ఆమె చేతిలో ఒక హెయిర్‌పిన్ పెట్టాడు. అందులో రేడియో ఉంది. గుసగుసగా మాట్లాడినా ఆ ఛానల్లో ఉన్న ఏజెంట్లందరికీ వినిపిస్తుంది.

“సులేమా కూడా ఆ ఛానల్లోనే ఉంటుంది,” అన్నాడు, టై సర్దుకుంటూ. సులేమా పేరు చెప్పేటప్పుడు డిపార్ట్‌మెంటులో మగవాళ్లందరూ టై సర్దుకునేవాళ్లు.

సులేమా దుబాసీ. రెండు దేశాల మీటింగుల్లోనూ గాజుగదిలో కూర్చుని, ఇటు స్పానిష్ అటు ఇంగ్లీషు ఊపిరి తిప్పుకోకుండా మార్చేస్తుంది. ఎర్ర కోటు, పొడవాటి మెడ, ఏ పార్టీలోనైనా చివరగా వచ్చి ముందుగా వెళ్లిపోయే అలవాటు. కొలిమి వాళ్ల విందులకు వెళ్లి, రెండేళ్లుగా అక్కడి కబుర్లు ఇక్కడికి చేరవేస్తోంది. ఎవేలియాకు ఆమె అంటే ఇష్టం. సులేమా తమ్ముడు కూడా మాయమైనవాడే. ఇద్దరూ ఆ మాట ఒక్కసారే అనుకున్నారు, కారులో, ఎర్రలైటు దగ్గర. పచ్చలైటు పడగానే ఆపేశారు.

*

చువ్వ గురించి ఎవేలియాకు చెప్పింది దోన్యా ఎర్లిందా.

పన్నెండు మంది తల్లుల్లో పెద్దది ఆవిడే, అందుకే అందరికీ ‘దోన్యా’, అంటే పెద్దమ్మగారు. బొమ్మల ఫ్యాక్టరీలో పనిచేసిన కూతురు యెసేనియా కోసం పదకొండేళ్లుగా వెతుకుతోంది. అందరినీ ‘బిడ్డా’ అని పిలుస్తుంది, మంత్రి వచ్చినా అదే పిలుపు. చువ్వను సుత్తితో నేలలోకి దిగ్గొట్టాలి. మెల్లగా పైకి లాగాలి. కొసను ముక్కు దగ్గర పెట్టుకోవాలి. మట్టి వాసన వస్తే అదృష్టం. కుళ్లిన వేరు వాసన వస్తే పక్కకు జరగాలి. మూడో వాసన వస్తే ఎవరూ ఏమీ అనరు. పార తెచ్చుకుంటారు.

మొదటి శనివారం ఎవేలియా తన కొత్త చువ్వకు నూనె రాసి తెచ్చింది. పిస్టలుకు రాసే నూనె. ఇనుము తుప్పు పట్టకూడదని పదిహేడేళ్లుగా చేతికి పట్టిన అలవాటు. ఎర్లిందా దాన్ని వాసన చూసి, తలగుడ్డ కొసతో తుడిచి, ఇసకతో తోమి, మళ్లీ తుడిచింది.

“ఇది తుపాకీ కాదు బిడ్డా. నూనె రాస్తే నీకు నూనె వాసనే వస్తుంది. నీ కొడుకు వాసన రాదు.”

ఆ తర్వాత ఏ తల్లీ చేయనిది ఆమె మళ్లీ చేయలేదు. పన్నెండు చువ్వలూ తుప్పుపట్టే ఉండేవి. పిడికి మాత్రం ఎవరి బిడ్డ బట్టముక్క వాళ్లు చుట్టుకునేవాళ్లు. ఎర్లిందాది యెసేనియా పసుప్పచ్చ గౌను. ఎవేలియాది ఫెర్మీన్ ఆకుపచ్చ చొక్కా.

*

మార్చి నెల. ఆఖరి రోజు పొద్దున్న.

సెక్యూరిటీ వాళ్లు ముందురోజే చువ్వలు తీసుకుని, మెషీన్లో పెట్టి చూసి, గదిలో తాళం వేసి, తెల్లారాక వేదిక ముందున్న బల్లమీద నీలం గుడ్డ పరిచి వరసగా పేర్చారు. సంతకాలు చేసే తొమ్మిది మంది కుర్చీలు ఆ బల్ల వెనకే. తల్లులకు మాట్లాడడానికి పది నిమిషాలు ఇచ్చారు, పది గంటల యాభైకి. ఒక్కొక్కరూ వచ్చి తమ చువ్వ చేతిలోకి తీసుకుని బిడ్డ పేరు చెప్పాలని ఏర్పాటు. ఎర్లిందా మొదటి మనిషి.

పదీ పదికి, విరామ సమయంలో, ఎవేలియా ఆడవాళ్ల బాత్‌రూంలో చేతులు కడుక్కుంటోంది. సులేమా లోపలికి వచ్చి తలుపు గడియ వేసింది. తన జుట్టులోంచి హెయిర్‌పిన్ తీసింది. ఎవేలియా జుట్టులోంచీ తీసింది. రెంటినీ తువ్వాలులో చుట్టి, కుళాయి పూర్తిగా తిప్పింది.

“నీకో కబురుంది. అవతలి నుంచి.”

ఎవేలియా చెయ్యి సంచీలోని పిస్టలు మీదికి వెళ్లింది.

“కాల్చు,” అంది సులేమా అద్దంలోకి చూస్తూ. “తర్వాత దీని గురించి ఎవర్ని అడుగుతావు?”

ఆమె తొట్టి అంచున ఒక బెల్టు బకిల్ పెట్టింది. ఎవేలియా దాన్ని ముట్టుకోకుండానే గుర్తుపట్టింది. వెల్డింగ్ క్లాసులో ఫెర్మీన్ తనే చేసుకున్నాడు. మధ్యలో తన పేరులోని మొదటి అక్షరం వంకరగా వస్తే, కావాలనే అలా చేశానని రెండు రోజులు వాదించాడు. ఐసు కోసం వెళ్లినరోజు అదే పెట్టుకున్నాడు.

నాలుగేళ్లుగా ఎడారిలో చువ్వ దిగ్గొడుతూ కూడా, వాడు ఎక్కడో బతికే ఉన్నాడని ఆమె లోపల ఒక మూల అనుకుంటూనే ఉంది. ఆ మూల అప్పుడు ఖాళీ అయింది.

“ఎప్పటినుంచి నువ్వు వాళ్ల మనిషివి?”

“రెండేళ్లు. నా తమ్ముడి కథ చెప్పాను కదా నీకు. దొరికాడని చెప్పలేదు. చోటు వాళ్లే చూపించారు. తెల్ల పెట్టెలో పెట్టి అమ్మ పక్కనే పూడ్చాను. ప్రతి ఆదివారం పూలు పట్టుకెళ్తాను.” సులేమా లిప్‌స్టిక్ మూత తీసింది. “నువ్వు పూలు ఎక్కడికి పట్టుకెళ్తావు ఎవేలియా?”

కాగితం రుమాలు మీద ఆ లిప్‌స్టిక్‌తోనే మూడు అంకెలు రాసింది. ముప్పై ఒక్క డిగ్రీలు, పన్నెండు నిమిషాలు, నలభై సెకన్లు.

“నీ కొడుకును పూడ్చిన చోటు. ఇది అక్షాంశం. రేఖాంశం పదకొండు దాటాక ఇస్తారు.”

“నేనేం చెయ్యాలి?”

“ఏమీ చెయ్యకు. నీ కుర్చీలో కూర్చో. బల్ల దగ్గరికి వెళ్లకు. నేను గాజుగదిలోంచి చూస్తూనే ఉంటాను. పిన్నులో గొణిగినా నాకు వినబడుతుంది.”

ఎవేలియా అప్పుడే ఆమెను పట్టుకుని ఉండాల్సింది. రుమాలు మడిచి జాకెట్టు లోపల పెట్టుకుంది. బకిల్ పిడికిట్లో పెట్టుకుంది. వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

పదీ ఇరవై నుంచి పదీ నలభై ఎనిమిది దాకా, ఇరవై ఎనిమిది నిమిషాలు, ఆమె కూర్చునే ఉంది. డిపార్ట్‌మెంటు రిపోర్టులో ఈ ఇరవై ఎనిమిది నిమిషాలు లేవు.

*

వేదిక మీద చర్చ జోరుగా సాగుతోంది. ఉత్తరాది సెనేటర్ హాల్‌స్టెడ్ ముఠాలను శత్రుసేనలుగా ప్రకటించాలన్నాడు. పైనుంచి కొట్టేస్తే ఆరు నెలల్లో శుభ్రమవుతుందన్నాడు. పైనుంచి చూస్తే పెళ్లి ఊరేగింపూ ముఠా కార్ల వరసా ఒకేలా కనిపిస్తాయని ఇక్కడి ఉపమంత్రి జవాబిచ్చాడు. ముందు మీ దుకాణాల్లో తుపాకులు అమ్మడం ఆపమన్నాడు. ముందు మీ పోలీసుల్ని మీరు నమ్మగలిగేలా చేసుకోండన్నాడు సెనేటర్. మత్తుమందును మందుల షాపుల్లోనే అమ్మితే ముఠాలకు పనే ఉండదని ఒక ప్రొఫెసరమ్మ లెక్చరిచ్చింది. ఇద్దరు ముఠా నాయకుల మధ్య రాజీ కుదిర్చిన ఒక ముసలి ఫాదరీ, వాళ్లతో కూర్చుని మాట్లాడక తప్పదన్నాడు. హంతకులతో మాటలేమిటని సగం హాలు లేచింది. ఆయన లేచినవాళ్లు కూర్చునేదాకా ఆగి, ఆ రాజీ ఉన్న ఐదు నెలలూ తను ఒక్క పిల్లవాడి అంత్యక్రియలు కూడా చేయలేదని చెప్పి, తనూ కూర్చున్నాడు.

ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. అందుకే ఎవేలియాకు దిగులేసింది. మిగతా రోజుల్లో అయితే ఆ మాటలు ఆమె శ్రద్ధగా వినేది. ఇవాళ ఆమె కళ్లు గాజుగది మీదే ఉన్నాయి. దుబాసీలు ఎప్పుడూ ఇద్దరిద్దరు కూర్చుంటారు. అరగంటకోసారి ఒకరు ఆపి, రెండోవారు అందుకుంటారు. లేకపోతే నోరు తిరగదు. ఇవాళ పడమటి గోడకున్న ఆ గదిలో సులేమా ఒక్కతే ఉంది. అరగంట దాటినా ఎవరూ మారలేదు. నోట్సు రాసుకోవలసిన కుడిచెయ్యి బల్ల కింద ఉంది.

“ఎలా ఆపాలో అందరూ చెప్తున్నారు,” అంది ఎర్లిందా చెవి దగ్గర. “ఎక్కడ పూడ్చారో ఒక్కడూ చెప్పడు. వీళ్ల కాఫీ తాగావా? గిన్నెలు కడిగిన నీళ్లు నయం.”

ఎవేలియా పిడికిట్లో బకిల్ అంచు అరచేతిని కోస్తోంది.

పదీ నలభై ఎనిమిది. ఎర్లిందా లేచి, స్కర్టు దులుపుకుని, చేతిసంచీ ఎవేలియా ఒళ్లో పెట్టింది.

“ఇది పట్టుకో బిడ్డా. ముందు నీ ఫెర్మీన్ పేరే చెప్తాను. నా యెసేనియా పేరు పదకొండేళ్ల నుంచి వింటూనే ఉన్నారు. దానికి కోపం రాదులే.”

ఎవేలియా సంచీ కింద పెట్టింది. పెద్దావిడ భుజం పట్టుకుని ఆపింది.

“నేను వెళ్తాను దోన్యా.”

బల్ల దాకా ఇరవై అడుగులు. ఒక్కో అడుగూ ఆమెను రేఖాంశానికి దూరం చేస్తోందని ఆమెకు తెలుసు. మొదటి చువ్వ తీసి కొస వాసన చూసింది. తుప్పు, మట్టి. రెండోది. తుప్పు, మట్టి. ఇదేదో వాళ్ల ఆచారమనుకుని హాలంతా నిశ్శబ్దమైంది, కెమెరాలు దగ్గరికి వచ్చాయి. మూడోది తనది, ఆకుపచ్చ చొక్కా. నాలుగోది పసుప్పచ్చ గౌను.

నూనె వాసన.

తన పిస్టలు పెట్టే డ్రాయర్లో ఉండే వాసన. కమ్మరి తుప్పు రంగు సరిగ్గా వేశాడు, పిడి గుడ్డ సరిగ్గా మార్చాడు, ఫొటోలో ఉన్న చొట్ట కూడా పెట్టాడు. అన్నీ అయ్యాక, ఇనుముతో బతికేవాడి చెయ్యి కాబట్టి, చివర్లో ఒకసారి నూనెగుడ్డతో తుడిచాడు. మొదటి శనివారం ఆమె తుడిచినట్టే.

చువ్వ లోపల బోలుగా ఉంది, చేతికి తేడా తెలుస్తోంది. వేదిక మీది తొమ్మిది మందికీ, దాన్ని పట్టుకునే ముసలామెకూ అందులో కూరిన బాంబు చాలు. అందర్నీ పరిగెత్తమంటే సులేమా వేలు నొక్కేస్తుంది. పిన్నులో చెప్తే సులేమాయే వింటుంది.

ఆమె చువ్వ పట్టుకుని, వేదికకు దూరంగా గోడ పక్కనున్న సాక్షి మైకు వైపు నడిచింది. ఎర్లిందా అడ్డం వచ్చింది.

“అది నాది.”

“మీరు అందర్నీ తీసుకెళ్లి కాఫీ తాగండి దోన్యా.”

“ఆ కాఫీయా?”

“ఆ కాఫీయే.”

పెద్దావిడ వంగి, ముద్దు పెట్టుకోబోతున్నట్టు, చువ్వ కొస దగ్గరికి ముక్కు తెచ్చింది. ఆమె ముఖం కొంచెం కూడా మారలేదు. వెనక్కి తిరిగి పదిమంది తల్లులకూ చెయ్యి ఊపింది. పదకొండు మందీ తోసుకోకుండా వరసగా బయటికి వెళ్లారు.

ఎవేలియా చువ్వను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, గోడ వైపు తిరిగి, మైకు దగ్గర నిలబడింది.

“నా కొడుకు పేరు ఫెర్మీన్.”

పక్కన ఎవరో వదిలేసిన ఇయర్‌ఫోనులోంచి, ఒక్క క్షణం ఆలస్యంగా, సులేమా గొంతు ఇంగ్లీషులో సన్నగా వినిపించింది. దుబాసీలకు ఒక నియమం ఉంది. ‘ఆమె అంటోంది’ అనకూడదు. మాట్లాడేవాళ్లు ‘నేను’ అంటే తామూ ‘నేను’ అనాలి. నా కొడుకు పేరు ఫెర్మీన్, అంది సులేమా.

“వాడు ఐసు తేవడానికి వెళ్లాడు. ఆ రోజు గాలిదుమారం లేచింది. పడమటి నుంచి.”

చిన్న విరామం. సులేమా ఆ మాట కూడా మార్చి చెప్పింది.

వెనక వరసలో భుజానికి తీగచుట్ట వేసుకున్న రెమీహియో, ఆవులిస్తూ, గాజుగది మెట్ల వైపు కదిలాడు.

ఆమె మాట్లాడుతూనే ఉంది. ఆపితే చాలు, ఆ వేలు నొక్కేస్తుంది. వాడికి చల్లటి సోడా లేకపోతే మెతుకు దిగేది కాదని చెప్పింది. వంకర అక్షరం గురించి చెప్పింది. వాడి మంచం దుప్పటి నాలుగేళ్లుగా ఉతకలేదని, వాసన పోతుందని ఉతకలేదని, అయినా పోయిందని చెప్పింది. ఇయర్‌ఫోనులో గొంతు ప్రతి వాక్యాన్నీ ‘నేను’ అంటూ అందుకుంటోంది. మొదట్లో గబగబా వచ్చేది. తర్వాత నెమ్మదించింది.

“నేను అడిగేది ఎవర్ని శిక్షించాలని కాదు,” అంది ఎవేలియా. “ఒక చోటు కావాలి. ఆదివారం పూలు పట్టుకెళ్లడానికి.”

ఇయర్‌ఫోనులో ఏమీ రాలేదు. సెనేటర్ తన ఇయర్‌ఫోను తట్టి చూసుకున్నాడు. ఎవేలియా కళ్లు మూసుకుంది.

తర్వాత ఆ గొంతు వచ్చింది, తడిగా, చాలా స్పష్టంగా. నాకు ఒక చోటు కావాలి.

కళ్లు తెరిచేసరికి గాజు వెనక రెమీహియో ఉన్నాడు. సులేమా కుడిచేతి బొటనవేలిని, పువ్వు తెంపినంత మెల్లగా, మీట మీదనుంచి లేపుతున్నాడు. గోడ గడియారంలో పదకొండుకు ఇంకా నిమిషం ఉంది.

*

చువ్వను పెరట్లో ఇసక గుంటలో పెట్టి నిర్వీర్యం చేశారు. కమ్మరి దొరకలేదు. ఊదారంగు కోటు వేసుకున్న ఒకతను పదకొండూ ఐదుకి నడకదారుల క్యూలో నిలబడి, కాగితాలు చూపించి, మర్యాదగా వంతెన దాటి వెళ్లిపోయాడని కెమెరాలు తర్వాత చెప్పాయి. రేఖాంశం అతనితో పాటే నది దాటింది.

సులేమాను ప్రశ్నించే గదిలో ఎవేలియా అడిగింది ఒక్కటే. సులేమా తల అడ్డంగా ఊపింది. ఆమెకు ఇచ్చిందీ సగమే.

“కొలిమి వాళ్లు ఎవర్నీ పూర్తిగా నమ్మరు,” అంది. లిప్‌స్టిక్ లేని ఆమె పెదాలు చిన్నపిల్ల పెదాల్లా ఉన్నాయి. “గాలిదుమారాలు లేచేది వసంతంలో. సెప్టెంబరులో ఏమిటి ఎవేలియా? ఇక్కడ పుట్టినదాన్ని, నాకు తెలీదా?”

“తెలిసీ ఇంగ్లీషులో ఎందుకు చెప్పావు?”

“నువ్వు అన్నావు కాబట్టి. నా పని అదేగా.” పెదాలు తుడుచుకుని అంది, “ఆదివారం మా తమ్ముడి దగ్గరికి ఎవరూ వెళ్లరు.”



ఒప్పందం మీద ఆ రోజు సంతకాలు కాలేదు. భద్రతా కారణాల వల్ల చర్చను వాయిదా వేశారు. సంతకాలు ఎప్పుడు పెట్టాలో చర్చించడానికి ఒక ఉపసంఘం వేశారు.

శనివారం పొద్దున్న, ట్రక్కు ముందుభాగం మీద మ్యాపు పరిచి, ఎవేలియా రుమాలు మీది అక్షాంశం వెంట స్కేలుతో ఒక గీత గీసింది. ఆ అక్షాంశం మీద ఒక సెకను అంటే నేల మీద ముప్పై మీటర్లు. పన్నెండు మంది రెండున్నర మీటర్లకొకరు నిలబడితే ఆ వెడల్పుకు సరిపోతుంది. ఎర్లిందా కళ్లద్దాలు పెట్టుకుని, గీత వెంట వేలు జరుపుకుంటూ వెళ్లి, నది దగ్గర ఆగింది.

“ఇక్కడ?”

“అక్కడ వీసా అడుగుతారు దోన్యా.”

“చువ్వకా, నాకా?” అని, వేలు నది దాటించి మ్యాపు అంచు దాకా తీసుకెళ్లింది. “ఆ తర్వాత?”

“భూమి చుట్టూ తిరిగి మళ్లీ ఇక్కడికే వస్తుంది.”

ఎర్లిందా తలగుడ్డ ముడి బిగించుకుని, కొత్త చువ్వ కొసను ఒకసారి వాసన చూసి భుజాన వేసుకుంది.

“అయితే ఎండెక్కకముందే బయల్దేరదాం బిడ్డా. దూరం కొంచెం ఎక్కువగానే ఉన్నట్టుంది.”